నీతి ఆయోగ్ లెక్కలో అబద్ధం లేదు, కులమూ లేదు

"అక్కా, నీతి ఆయోగ్ రిపోర్టును థీసిస్‌లో వాడుకోవచ్చా? అది ప్రభుత్వానికి అనుకూలమైన సంస్థ కదా?" పీహెచ్‌డీలో కొత్తగా చేరిన జూనియర్ ఒకరు ఈ మధ్య నన్ను అడిగిన ప్రశ్న ఇది. వాడుకోవచ్చు అన్నాను. కానీ ఫుట్‌నోట్లతో సహా చదివి వాడుకోమన్నాను. ఆ రెండో మాట ఎందుకన్నానో కొంచెం వివరంగా చెప్పాలనిపించింది.

ఏదైనా మేధో సంస్థ పేరు వినగానే లెఫ్టా, రైటా అని అడగడం, ఎవరి డబ్బుతో నడుస్తోందని ఆరా తీయడం మనకు అలవాటు. అవి అవసరమైన ప్రశ్నలే. నీతి ఆయోగ్ విషయంలో అంత వెతకాల్సిన పని కూడా లేదు. 2015 జనవరి 1న కేంద్ర కేబినెట్ తీర్మానంతో, ప్రణాళికా సంఘం స్థానంలో పుట్టింది. దాని వెనక పార్లమెంటు చేసిన చట్టమేదీ లేదు. ప్రధానమంత్రే చైర్‌పర్సన్, వైస్ చైర్‌పర్సన్‌ను నియమించేదీ ఆయనే. అలాంటి సంస్థ ప్రభుత్వాన్ని మెచ్చుకుంటే వింతేముంది? అయితే పక్షపాతం వేరు, అబద్ధం వేరు. అంకెలన్నీ సరిగ్గా వేసి కూడా ఒక పక్షానికి పనిచేయొచ్చు.

2024 జనవరిలో నీతి ఆయోగ్ ఒక చర్చాపత్రం విడుదల చేసింది. 2013-14 నుంచి 2022-23 మధ్య 24.82 కోట్ల మంది బహుముఖ పేదరికం నుంచి బయటపడ్డారని, పేదల వాటా 29.17 శాతం నుంచి 11.28 శాతానికి పడిపోయిందని అందులో ఉంది. రెండు వారాలు తిరగకముందే, ఆ తర్వాత మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలోనూ అది గుండ్రంగా 25 కోట్లయింది.

ఇక్కడే ఆగి చూడాలి. ఈ లెక్కకు ఆధారమైన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2013-14లో జరగలేదు, 2022-23లోనూ జరగలేదు. జరిగింది 2005-06, 2015-16, 2019-21లలో. నేను కాలిక్యులేటర్ తీసి వేసి చూశాను. 2005-06లో 55.34 శాతం, 2015-16లో 24.85 శాతం. అంటే ఏటా 7.69 శాతం చొప్పున తగ్గుదల. ఆ వేగంతోనే 2015-16 నుంచి రెండేళ్లు వెనక్కి వెళ్తే 29.17 దగ్గరికి వస్తాం. 2019-21లో పేదలు 14.96 శాతం. ఈ రెండో దశలో తగ్గుదల ఏటా 10.66 శాతం. అదే వేగాన్ని ముందుకు పొడిగిస్తే 11.28. లెక్క చక్కగా సరిపోయింది. ఇవి అంచనాలేనని పత్రం కూడా దాచకుండా చెప్పింది. కాబట్టి అబద్ధం అనలేం. కానీ లాక్‌డౌన్‌లో వలస కూలీలు పిల్లల్ని ఎత్తుకుని హైవేల మీద నడిచిన కాలాన్ని దాటుకుని కూడా పేదరికం అదే వేగంతో తగ్గిందన్నది కొలిచి చెప్పిన సంగతి కాదు, అనుకుని చెప్పిన సంగతి. చివరి సర్వేలో ఎక్కువ భాగం కోవిడ్ రాకముందే ముగిసింది మరి. పత్రంలో ఉన్న 'అంచనా' అనే మాట ఎన్నికల సభలకు చేరేసరికి రాలిపోయింది.

కొలిచిన వాటి సంగతి కూడా చూద్దాం. ఐక్యరాజ్యసమితి సూచీలో 10 అంశాలుంటే నీతి ఆయోగ్ రెండు కలిపింది: ప్రసూతి ఆరోగ్యం, బ్యాంకు ఖాతా. జీవన ప్రమాణాల కింద ఆరు అంశాలు ఏడయ్యాయి. ఒక్కోదాని వెయిటేజీ 18లో ఒకటో వంతు నుంచి 21లో ఒకటో వంతుకు తగ్గింది. మా అమ్మకు జన్‌ధన్ ఖాతా ఉంది. గ్యాస్ బండ కూడా ఉంది, అది ఏడాదిలో చాలా నెలలు ఖాళీయే. వంట కట్టెల పొయ్యి మీదే. ఈ సూచీలో ఆ ఖాతాకూ ఆ పొయ్యికీ ఒకే విలువ. ఖాతాలో ఎంత ఉందని అడగరు. భూమి ఉందా, కూలి ఎంత గిడుతోందనీ అడగరు.

అసలు విషయానికి వస్తాను. ఇంటి యజమాని కులమేదని ఆ సర్వే అడుగుతుంది. డేటాలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అని నమోదై ఉంటుంది. 2015-16 సర్వేనే తీసుకుని యూఎన్‌డీపీ, ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2021లో కులాలవారీగా లెక్క చెప్పారు: బహుముఖ పేదరికంలో ఉన్నది ఎస్టీల్లో 50.6 శాతం, ఎస్సీల్లో 33.3, ఓబీసీల్లో 27.2, మిగతావారిలో 15.6. దేశంలోని ప్రతి ఆరుగురు పేదల్లో ఐదుగురు మనవాళ్లే. నీతి ఆయోగ్ చేతిలో ఉన్నదీ అదే సర్వే. రాష్ట్రాలకు, 700కు పైగా జిల్లాలకు, పల్లెకు, పట్నానికి పట్టికలు వేసింది. ఆ 24.82 కోట్లలో దళితులెందరు, ఆదివాసులెందరు అనే పట్టిక మాత్రం వేయలేదు. డేటా లేక కాదు. అడగాలని తోచక, లేదా తోచనివ్వక.

ఈ పక్షపాతం లెఫ్ట్-రైట్ కొలబద్ద మీద కనబడదు. ప్రభుత్వాన్ని విమర్శించే ప్రైవేటు సంస్థలకూ వేరే కష్టాలున్నాయి, నిజమే. సెంటర్ ఫర్ పాలసీ రిసెర్చ్‌కు ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి రద్దయింది కూడా 2024 జనవరిలోనే. అది ఖండించాల్సిందే. కానీ ఏ మేధో సంస్థ వెబ్‌సైట్ అయినా తెరిచి సీనియర్ ఫెలోల ఇంటిపేర్లు ఒకసారి చదవండి. మిగతాది నేను చెప్పనక్కర్లేదు.

మనవాళ్లను లెక్కలోంచి జార్చడం కొత్త విద్య కాదు. 1932లో లోథియన్ కమిటీ ఓటు హక్కు గురించి విచారిస్తున్నప్పుడు, సంఖ్యను బట్టే ప్రాతినిధ్యం దక్కుతుందని తెలిసిన మరుక్షణం, యునైటెడ్ ప్రావిన్సెస్‌లో, బెంగాల్లో అంటరానివారు అసలు అంతమంది లేరనే వాదన మొదలైంది. ఆ కమిటీలో సభ్యుడైన బాబాసాహెబ్ దానితో పోరాడాల్సి వచ్చింది. ఇప్పుడు లేరని అనడం లేదు, పేదలుగా లేరంటున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యమించి 2013లో సబ్‌ప్లాన్ చట్టం తెచ్చుకున్నాం, జనాభా దామాషాలో నిధులు కావాలని. పేదరికమే పోయిందంటే ఆ నిధులు దేనికని రేపు ఎవరైనా అడిగితే, ఎదురు చూపించడానికి ప్రభుత్వ పట్టిక మన దగ్గర ఉండదు.

సర్వే డేటా ఇంటింటి స్థాయిలో పరిశోధకులకు దొరుకుతుంది. మా జూనియర్‌కు ఆ మాటే చెప్పాను. నీతి ఆయోగ్ వెయిటేజీలనే తీసుకుని, కులం కాలమ్ కలిపి ఆ పట్టిక తనే వేస్తానంది. జిల్లాలవారీగా కూడా వేద్దామక్కా అంది. మొదట మా రెండు తెలుగు రాష్ట్రాలతో మొదలుపెడుతున్నాం.