రాశి పోయి టైపు వచ్చె

వారఫలాలు చదివేవాళ్లను చూసి నవ్వే రచయితల్లోనే కొందరు తమ పరిచయంలో నాలుగు ఇంగ్లిషు అక్షరాలు తగిలించుకుంటున్నారు: ఐఎన్ఎఫ్‌పీ, ఐఎన్‌టీజే, ఈఎన్ఎఫ్‌పీ. ఇది జాతకం కాదు, సైకాలజీ అంటారు. నవల మూడో అధ్యాయం దగ్గర ఎందుకాగింది? నాది ‘పీ’ టైపు, గడువులు నాకు పడవు. సభల్లో ఎందుకు మాట్లాడరు? ఇంట్రోవర్టుని. వెనకటికి ఈ సంజాయిషీలన్నీ గ్రహాలు మోసేవి. బుధుడు బలంగా ఉంటే రాత అబ్బుతుందని జ్యోతిష్కులు ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు.

ఈ అక్షరాలకు మూలమైన మయర్స్-బ్రిగ్స్ పరీక్ష ఏ ప్రయోగశాలలోనూ పుట్టలేదు. అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ కలిసి తయారుచేశారు. ఇద్దరిలో ఎవరూ సైకాలజీలో శిక్షణ పొందలేదు. 1921లో స్విస్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ మనస్తత్వాల మీద రాసిన పుస్తకమే వాళ్లకు ఆధారం. యూంగ్ కూడా ఆ విభజనను తన అనుభవం నుంచి, చదువు నుంచి అల్లుకున్నాడే తప్ప, వేలమందిని కొలిచి తేల్చలేదు.

తమాషా ఏమిటంటే, ఇసబెల్ స్వయంగా రచయిత్రి. 1920ల చివర ఒక పత్రిక డిటెక్టివ్ నవలల పోటీ పెట్టింది, బహుమతి 7,500 డాలర్లు. ఎల్లరీ క్వీన్ పేరుతో రాసిన ఇద్దరికి అది దాదాపు ఖాయమైంది. ఈలోగా పత్రిక చేతులు మారడంతో బహుమతి ఇసబెల్‌కు దక్కింది. తర్వాత ఆమె తనను ఐఎన్ఎఫ్‌పీగా చెప్పుకుంది. గడువులు పడవని ఇవాళ చాలామంది చెప్పుకునే టైపు అదే! ఆ టైపు మనిషే పోటీ గడువులోపు నవల పూర్తిచేసి పంపింది.

మరి పరీక్ష ఫలితం చదవగానే ‘అచ్చం నేనే’ అనిపిస్తుందే? దానికి జవాబు 1948లోనే దొరికింది. అమెరికన్ సైకాలజిస్టు బెర్‌ట్రమ్ ఫోరర్ తన విద్యార్థులు 39 మందికి వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఒక్కొక్కరికీ విడిగా రాసినట్టు ఫలితాలు పంచాడు. ఎంత సరిగ్గా ఉందో అయిదుకు మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. నిజానికి అందరికీ ఇచ్చిన కాగితం ఒక్కటే, అందులోని వాక్యాలు బజారులో దొరికే జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి. ‘మీలో వాడుకోని శక్తి చాలా ఉంది’ అంటే కాదనే రచయిత ఎవరు?

జాతకాలను పరీక్షించిన సందర్భమూ ఉంది. 2008లో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, మూఢనమ్మకాల వ్యతిరేక ఉద్యమకారుడు నరేంద్ర దభోల్కర్ తదితరులు మహారాష్ట్రలో ఒక ప్రయోగం చేశారు. చదువులో చురుకైన పిల్లల జాతకాలూ, మానసిక వైకల్యం ఉన్న పిల్లల జాతకాలూ కలిపి ఒక్కో జ్యోతిష్కుడికి 40 ఇచ్చారు. ఏది ఎవరిదో చెప్పమన్నారు. 27 మంది జవాబులు పంపారు. సరైనవి 46 శాతం. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా అంతకు తగ్గదు.

టైపు పరీక్షను ఇంతకంటే కాస్త మర్యాదగానే చూడాలి. అది కనీసం మనిషిని అడిగి రాసుకుంటుంది, పుట్టిన ఘడియను కాదు. మనుషుల స్వభావాల్లో తేడాలూ నిజమే. కొత్త విషయాల పట్ల ఆసక్తి ఎక్కువున్నవారు కళల వైపు మొగ్గుతారని పరిశోధనలు చెబుతున్నాయి. కానీ ఆ ఆసక్తి ఒకరిలో ఎక్కువ, ఒకరిలో తక్కువ, చాలామందిలో నడిమధ్య. ఈ పరీక్ష ఆ నడిమధ్యలో గీత గీసి, అటు ఒక మార్కు ఉంటే ఒక జాతి, ఇటు ఒక మార్కు ఉంటే మరో జాతి అంటుంది. అందుకే అయిదు వారాలకే మళ్లీ రాయిస్తే సగం మంది దాకా టైపు మారిపోయిన సందర్భాలున్నాయి. ఉద్యోగాల ఎంపికకు దీన్ని వాడొద్దని అమ్మే కంపెనీయే చెబుతుంది. అలాంటిది, కథ ఎందుకు రాయలేకపోయామో దీంతో తేల్చుకోవడం ఏ లెక్క?

రచయితల అలవాట్లు ఎక్కడ తయారవుతాయో చూడాలంటే వాళ్ల బతుకు చూడాలి. ఆంథొనీ ట్రాలప్ బ్రిటిష్ తపాలా శాఖలో ఉద్యోగి. తెల్లవారుజామున అయిదున్నరకు బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 మాటలు రాసేవాడు. అలా 47 నవలలయ్యాయి. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ‘చందమామ’లో పనిచేశారు. నెలనెలా పత్రిక బయటికి రావాలి, మూడ్ కోసం అది ఆగదు.

విశాఖలో ఒకే కాలంలో ఇద్దరు కథకులు. రాచకొండ విశ్వనాథశాస్త్రి ప్లీడరు. పోలీసులు, దళారులు, సారా కేసుల్లో ఇరుక్కున్న పేదలు రోజూ ఆయనకు కోర్టులోనే ఎదురయ్యేవారు. ‘ఆరు సారా కథలు’ ఆ లోకంలోంచే వచ్చాయి. కాళీపట్నం రామారావు బడిలో మాస్టారు. తక్కువ రాశారు, మధ్యలో కొన్నేళ్లు రాయడం ఆపేశారు కూడా. ఆ తర్వాత 1964లో వచ్చిన ‘యజ్ఞం’ ముందటి కథలకన్నా ఎంతో లోతుకు వెళ్లింది. టైపులవాళ్లు ఒకరిని ‘ఈ’ (ఎక్స్‌ట్రోవర్టు) అనీ మరొకరిని ‘ఐ’ (ఇంట్రోవర్టు) అనీ తేలిగ్గా రాసేస్తారు. కానీ ‘యజ్ఞం’లో ఊరు, అప్పు, పంచాయితీ, తరతరాలుగా పేరుకున్న ఆస్తి లెక్క ఎలా పట్టుబడ్డాయో ఆ ‘ఐ’ చెప్పదు. పోనీ కథకు ముందు ఆగిపోయిన ఆ కొన్నేళ్ల సంగతైనా చెప్పదు. టైపు మారలేదనే అనుకుందాం, మరి కథెలా మారింది?