గోతిలోనివానికి చెప్పరాని మాట

భస్మ బుధవారము గడచి శ్రమకాల ధ్యానములు ఆరంభమైనది మొదలు మన దేవాలయములలో తప్పక వినవచ్చు బోధ యొకటి కలదు. మనుష్యులు నిన్ను త్రోసివేసిరన్న, అది దేవుడు నీకొరకు దాచియుంచిన గొప్ప మేలునకు ద్వారమేనట. ఉద్యోగము పోగొట్టుకొనినవానికి, భర్త వదలివేసిన యిల్లాలికి, తోబుట్టువులు పొలము కాజేసి వెడలగొట్టినవానికి, అందరికిని ఇదే ఔషధము. వినువారు ఆమేన్ అందురు. కొందరి కన్నులు చెమర్చును. కానుకల సంచి వరుసలవెంట సాగిపోవును. ఈ బోధ సాంత్వనమువలె కనబడునేగాని వాక్యానుసారమైనది కాదనియు, త్రోయబడినవానికంటె త్రోసినవానికే ఎక్కువ మేలు చేయుననియు నా నిశ్చితాభిప్రాయము.

ఈ బోధకులకు యోసేపు చరిత్రము కంచుకోట. అన్నలు తలపెట్టిన కీడును దేవుడు మేలునకు త్రిప్పెనని అతడు చెప్పినమాట సత్యమే. అయితే ఆ మాట పలికినది ఎవరు, ఎప్పుడు అని విచారింపవలదా? పదునేడేండ్ల తమ్ముని అంగీ ఊడదీసి, నీరులేని గోతిలో పడద్రోసి, నిశ్చింతగా భోజనమునకు కూర్చుండి, దారినపోవు వర్తకులకు 20 తులముల వెండికి అతడమ్ముడుపోవుట చూచిన ఆ అన్నలలో ఒక్కడును దానిని పలుకలేదు. పలుకుటకు వారికి అధికారము లేదు. ఏండ్లు గడచి, కరవు తరుమగా ఐగుప్తునకు పోయిననాడు వారి నోట వెడలినది వేరుమాట: తమ్ముడు బ్రతిమాలుకొనగా అతని వేదనను కన్నులార చూచియు వినకపోతిమి, కావుననే మనకీ ఆపద యని. యోసేపు మాత్రము, చెరసాల ననుభవించి, 30వ యేట ఫరోయెదుట నిలిచి, తన్ను అన్నలకు తెలియజేసికొనిననాడొకసారియు, తండ్రిని పాతిపెట్టి వచ్చిన పిదప మరియొకసారియు దైవసంకల్పమును గూర్చి పలికెను, రెండుమారులును కన్నీటితోనే. అతడు గోతిలో నున్నప్పుడే ఎవడైనను పైనుండి తొంగిచూచి అదే మాట వినిపించియుండినచో దానిని ఓదార్పందుమా, ఎగతాళి యందుమా?

దైవసంకల్పమునకును మనుష్యుల అపరాధమునకును గల భేదము క్రీస్తు విషయమున మరింత స్పష్టము. మనుష్యకుమారుడు లేఖనానుసారముగనే పోవుచున్నాడని చెప్పిన ప్రభువు, ఆ వెంటనే, తన్ను అప్పగించువాని దుర్గతిని తలచి, వాడు పుట్టకుండుటయే వానికి మేలనెను. సంకల్పము నెరవేరెను, అపరాధము అపరాధముగనే నిలిచెను. కట్టువారు పారవేసిన రాతిని దేవుడు తలరాయిగ చేసెనన్నది నిజమే; ఆ కట్టువారు మంచిపని చేసిరని మాత్రము ఏ ప్రవక్తయు వ్రాయలేదు.

తెలుగుదేశమున ఈ బోధ కున్న ప్రమాదము ఇంకను లోతైనది. 1895లో వినుకొండలో జన్మించిన కవి జాషువ, అస్పృశ్యుడని యెంచబడి ఎన్ని పంక్తులనుండి లేపబడెనో సాహిత్యలోకమున కెల్ల తెలియును. 1941లో వెలువడిన ఆయన ‘గబ్బిలము’లో, ఆలయప్రవేశము లేని కథానాయకుడు, లోనికి పోగల గబ్బిలముతో కాశీవిశ్వనాథునకు తన మొర పంపును; తన దైన్యమునకు కర్మసిద్ధాంతమును కారణముగ చూపి తన నోరు కట్టినవారిని నిలదీయును. ఆ సిద్ధాంతమును మనమును మన ప్రసంగపీఠములనుండి ఎంత ధాటిగ ఖండించితిమి! త్రోయబడినవానితో ‘అంతయు దైవచిత్తమే’ యని మనమనునప్పుడు, ఆ కర్మసిద్ధాంతమే బాప్తిస్మము పొంది తిరిగి వచ్చినది కాదా?

ఆ అవమానములే లేకున్నచో జాషువ అంతటి కవి యగునా యని వాదించువారు కలరు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో వచ్చిన కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును నిదర్శనముగ చూపుదురు. ప్రతిభ ఆయనది, అవమానము ఊరిది. ఊరి పాపమునకు ఆయన కీర్తిలో వాటా యిచ్చుట యేమి న్యాయము? అదే అవమానమున నోరు మెదపక నలిగి మట్టియైనవారి మాట ఈ వాదులు ఎత్తరు, ఏలనన వారి కథలకు సాక్ష్యములలో చోటు లేదు.

త్రోయబడినవాడు తనంత తాను, తన కాలమున, తన జీవితమునందు దేవుని హస్తమును కనుగొనవచ్చును. అట్టి సాక్ష్యమునకు నేను శిరసు వంచెదను. ప్రక్కవాడు దానిని ముందుగ వ్రాసి వాని చేతికీయరాదు. యోబు మిత్రులు ఏడు దినములు మౌనముగ నేలపై కూర్చున్నంతకాలము మంచి మిత్రులే. వారు నోరు తెరచి దేవుని తరపున వాదింప మొదలిడిన పిమ్మట పలికిన పలుకులకే దేవుని కోపము రగిలెను.

బోధకులారా, ఈ నలువది దినములలో, కట్నము చాలక సంబంధము తప్పిపోయిన పిల్ల యొకతె మీయొద్దకు ప్రార్థనకు వచ్చినచో, ఇంతకంటె మంచి వరుడు దొరకునని ప్రవచింపకుడు. ఆ సంబంధము త్రెంచుకొనిన పెద్దమనిషి తరచుగ మన సంఘమువాడే, ప్రభురాత్రి భోజనపు బల్లయొద్ద చేయి చాచువాడే. ముందు అతని యింటికి పోయి, అడుగవలసినది అతని నడుగుడు.