కాలేజీ పరువుకు పిల్లల బలి

‘కాలేజీ పేరు చెడిపోతది, బయట చెప్పకుండ్రి.’ వార్డెన్ నోట ఇదే మాట, ప్రిన్సిపాల్ నోట ఇదే మాట. ఒక్కోసారి కన్నతల్లి నోట కూడా ఇదే మాట. ఆగమైంది పిల్ల బతుకు, కాపాడాల్సింది మాత్రం కాలేజీ పేరట!

ఎక్కడైనా ఒక విద్యాసంస్థలో పిల్లల మీద అఘాయిత్యం జరిగిందని తేలగానే పెద్దమనుషులంతా చర్చకు దిగుతారు. సంస్థ ప్రతిష్ఠ ఏమైపోతుంది? వచ్చే ఏడు సీట్లు నిండుతాయా? దరఖాస్తులు తగ్గుతాయా? సరే, ఆ లెక్కలే తీద్దాం. అవి ఎవరి గుట్టు విప్పుతాయో చూద్దాం.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం. అక్కడ పెన్ స్టేట్ యూనివర్సిటీ. మన పిల్లలు పీజీలకు, పీహెచ్‌డీలకు పోయే చోటే. ఆ ఊళ్లో వాళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్ అంటే జాతర. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం. 1966 నుంచి హెడ్ కోచ్‌గా ఉన్న జో పటర్నోకు బతికుండగానే స్టేడియం బయట కంచు విగ్రహం పెట్టారు. ఆయన దగ్గర ఏళ్ల తరబడి అసిస్టెంట్ కోచ్‌గా పనిచేసినవాడు జెర్రీ సాండస్కీ. వీడు 1977లో ‘సెకండ్ మైల్’ అని ఒక సేవాసంస్థ పెట్టాడు. ఇంట్లో ఆసరా లేని పిల్లలకు చేయూతనిస్తామన్నాడు. ఆ పిల్లల్లోంచే ఏరుకుని చెరిచాడు. 1999లో రిటైరైనా యూనివర్సిటీ వాడికి ఆఫీసు గది ఇచ్చింది, జిమ్‌లోకి, లాకర్ గదుల్లోకి వచ్చిపోయే వీలిచ్చింది.

ఎవరికీ తెలియదా? ఎందుకు తెలియదు! 1998లోనే ఒక తల్లి ఫిర్యాదు చేసింది. క్యాంపస్ పోలీసులు విచారించారు. కేసు పెట్టకుండానే కాగితాలు కట్టగట్టారు. 2001లో ఒక జూనియర్ కోచ్ స్నానాల గదిలో సాండస్కీని, ఒక చిన్న పిల్లవాణ్ని కళ్లారా చూశాడు. మర్నాడే పటర్నోకు చెప్పాడు. పటర్నో పైవాళ్లకు చెప్పాడు. క్రీడల డైరెక్టర్, వైస్ ప్రెసిడెంట్, ప్రెసిడెంట్ ముగ్గురికీ సంగతి చేరింది. వాళ్లు తీసుకున్న చర్య ఏమిటో తెలుసా? ‘ఇకమీదట పిల్లల్ని క్యాంపస్‌కు తీసుకురావద్దు’ అని సాండస్కీకి చెప్పడం! పోలీసులకు కబురు లేదు. పిల్లల సంరక్షణ శాఖకు కబురు లేదు. ఆ పిల్లవాడు ఎవరు, ఎక్కడున్నాడు, ఎట్లున్నాడు అని ఆరా తీసిన నాథుడు లేడు.

ఈ రెండింటి నడుమ, 2000 సంవత్సరంలో జరిగినదొకటి ఉంది. ఉద్యోగులు కొంచెం ఆగి చదవాలి. రాత్రిపూట లాకర్ గదులు ఊడ్చే సఫాయి కార్మికుడు ఒకతను సాండస్కీ దుర్మార్గాన్ని కళ్లతో చూశాడు. వణికిపోయాడు. తోటి పనివాళ్లకు చెప్పుకున్నాడు. వాళ్లంతా కూడబలుక్కుని చివరికి ఊరుకున్నారు. చెబితే నౌకరి ఊడుతుంది, ఫుట్‌బాల్‌ను కాపాడుకోవడానికి యూనివర్సిటీ మొత్తం ఒక్కటవుతుంది, మన మాట ఎవరు నమ్ముతారని వాళ్ల భయం. తర్వాత విచారణ చేసినవాళ్లకు వాళ్లే ఈ సంగతి చెప్పారు. చీపురు పట్టినవాడి భయం అర్థం చేసుకోవచ్చు. నెల జీతంతో పొయ్యి వెలిగించుకునేవాడు. మరి లక్షల డాలర్ల జీతాలు తీసుకునే పెద్ద కుర్చీల వాళ్లకు ఏం భయం? వాళ్లకున్నది ఒక్కటే, పేరు పోతుందన్న భయం. ఎఫ్‌బీఐ మాజీ డైరెక్టర్ లూయిస్ ఫ్రీ 2012 జులైలో ఇచ్చిన నివేదిక తేల్చింది కూడా అదే. చెడ్డపేరు వస్తుందని పెద్దలు నిజాలు దాచారని అందులో రాశాడు. పటర్నో కుటుంబం ఆ నివేదికను ఒప్పుకోలేదు. వాళ్ల వాదన వాళ్లది. కానీ మిగతా ముగ్గురి సంగతి కోర్టులోనే తేలింది. 2017లో ఇద్దరు నేరం ఒప్పుకున్నారు. ప్రెసిడెంట్ గ్రాహం స్పేనియర్‌ను పిల్లల భద్రతను గాలికొదిలిన నేరానికి జ్యూరీ దోషిగా తేల్చింది. 2021లో జైలుకు పోయాడు. ఎన్నాళ్లు? సుమారు రెండు నెలలు.

సాండస్కీ 2011 నవంబర్ 5న అరెస్టయ్యాడు. 2012 జూన్‌లో 45 అభియోగాల్లో దోషిగా తేలాడు. 30 నుంచి 60 ఏళ్ల శిక్ష పడింది. అరెస్టుకు ఏడెనిమిది నెలల ముందే ఒక స్థానిక పత్రిక ఈ దర్యాప్తు సంగతి అచ్చువేసింది. అప్పుడు పెద్దగా కదిలినవాళ్లు లేరు. నవంబర్ 9 రాత్రి పటర్నోను ట్రస్టీలు తీసేయగానే మాత్రం వేలమంది విద్యార్థులు రోడ్డెక్కారు. టీవీ చానల్ వాళ్ల వ్యాన్‌ను తిరగేశారు. పిల్లలు చెరచబడ్డందుకు కాదు, కోచ్‌ను తీసేసినందుకు! రెండు రోజుల తర్వాత అదే క్యాంపస్‌లో బాధితుల కోసం వేలమంది కొవ్వొత్తులు పట్టుకున్న మాట కూడా నిజమే. అది చెప్పకపోతే ఆ విద్యార్థులకు అన్యాయం చేసినట్టవుతుంది. కానీ మొదటి రాత్రి వచ్చిన కోపం ఎవరి కోసమో గుర్తుంచుకోవాలి. పేరు మీద మోజు పై అధికారుల్లోనే కాదు, విద్యార్థుల నెత్తురులోనూ ఇంకిపోయింది.

ఇక పరువు లెక్క. కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ 6 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. 112 విజయాలను రికార్డుల్లోంచి కొట్టేసింది. విగ్రహం దించేశారు. 2012లోనే మూడీస్ సంస్థ యూనివర్సిటీ రుణ రేటింగ్‌ను ఒక మెట్టు కిందికి దించింది. బాధితులకు కట్టిన పరిహారం 10 కోట్ల డాలర్లు దాటింది. ఇంత జరిగాక సంస్థ కూలిపోయిందా? ఎక్కడ కూలింది! అరెస్టు జరిగిన ఆ ఆర్థిక సంవత్సరంలోనే విరాళాలు 20 కోట్ల డాలర్లు దాటాయి. కొట్టేసిన 112 విజయాలు 2015 జనవరిలో తిరిగొచ్చాయి. గెలుపులు వాపసు ఇయ్యొచ్చు. ఆ పిల్లల బాల్యం ఎవరు వాపసిస్తారు?

దరఖాస్తుల సంగతికి వద్దాం. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన మైకేల్ లూకా మరో ఇద్దరితో కలిసి 2016లో ఒక అధ్యయనం బయటపెట్టాడు. అమెరికాలో పేరున్న 100 యూనివర్సిటీల్లో 2001 నుంచి 2013 దాకా బయటపడ్డ కుంభకోణాలను పరిశీలించారు. లైంగిక దాడులు, హత్యలు, ర్యాగింగ్ చావులు, కాపీ బాగోతాలు అన్నీ అందులో ఉన్నాయి. పెద్ద మ్యాగజైన్‌లో సుదీర్ఘ కథనం వస్తే మరుసటి ఏడు దరఖాస్తులు సుమారు 10 శాతం తగ్గాయి. ర్యాంకుల జాబితాలో పది మెట్లు దిగజారితే ఎంత నష్టమో అంత నష్టమన్నమాట.

ఎంత చక్కని తక్కెడ! ఒక పళ్లెంలో పిల్లల మాన ప్రాణాలు, ఇంకో పళ్లెంలో పది ర్యాంకులు. ముల్లు మధ్యలో నిలబడింది.

అదే అధ్యయనంలో అసలు కీలకం ఇంకోటి ఉంది. పత్రికలు పెద్దగా పట్టించుకోని ఘటనల వల్ల దరఖాస్తుల మీద చెప్పుకోదగ్గ దెబ్బ పడలేదు. అంటే ఏమిటి? దరఖాస్తు పెట్టే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు శిక్షిస్తున్నది నేరాన్ని కాదు, నేరం అచ్చులోకి రావడాన్ని! యాజమాన్యాలకు ఇంతకంటే తీపి కబురు ఏముంటుంది? దాడి జరిగితే నష్టం సున్నా. కథనం వస్తే నష్టం పది శాతం. ఇక ఖర్చంతా ఎక్కడ పెట్టాలి? పిల్లల రక్షణ మీదనా, కథనం ఆపడం మీదనా? వ్యాపారం తెలిసినవాడెవడైనా చెబుతాడు. ‘పేరు కాపాడుకోవడం’ అనే ముసుగులో నడిచేది ఈ వ్యాపారమే.

‘పత్రికలోళ్లు రచ్చ చేసి మంచి సంస్థల పేరు చెడగొడుతున్నరు’ అని మొత్తుకునేవాళ్లకు కూడా ఆ అధ్యయనంలో జవాబుంది. కుంభకోణం బయటపడ్డ సంస్థల్లో ఆ తర్వాతి ఏళ్లలో మళ్లీ అలాంటివి జరిగే అవకాశం తగ్గింది. కమిటీలు, కౌన్సెలింగులు, గోడల మీది నినాదాలు చేయని పని ఆ రచ్చ చేసిపెట్టింది. రచ్చ చేయాల్సిందే.

కానీ ఆ భయం పక్క యూనివర్సిటీ గోడ దాటదు. పెన్ స్టేట్ గుట్టు దేశమంతా తెలిశాక, 2014లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో డాక్టర్ లారీ నాసర్ మీద ఒక యువతి ఫిర్యాదు చేసింది. యూనివర్సిటీ విచారణ జరిపి అతని తప్పేమీ లేదంది. మళ్లీ డ్యూటీకి పంపింది. 2016లో ఇండియానాపొలిస్ స్టార్ పత్రిక రాసేదాకా అమ్మాయిలు వాడి గదిలోకి పోతూనే ఉన్నారు. చివరికి 2018లో 332 మంది బాధితులతో, ముందుముందు వచ్చే ఫిర్యాదులకు కూడా కలిపి, 50 కోట్ల డాలర్ల ఒప్పందం. ఫిర్యాదు వచ్చిన రోజునే ఆ అమ్మాయి మాట నమ్మి ఉంటే?

మన ఇళ్లకు దగ్గరగా వచ్చే ఉదాహరణ లాస్ ఏంజెల్స్‌లోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ. ఎంఎస్ కోసం పోయే మన పిల్లల నోట ‘యూఎస్‌సీ’ పేరు నానుతూనే ఉంటుంది. అక్కడి విద్యార్థుల ఆరోగ్య కేంద్రంలో దాదాపు మూడు దశాబ్దాలు స్త్రీల వైద్యుడిగా పనిచేసిన జార్జ్ టిండాల్ మీద ఏళ్ల తరబడి ఫిర్యాదులు వచ్చాయి. పైవాళ్లు కదలకపోతే 2016లో ఒక నర్సే అత్యాచార బాధితుల సహాయ కేంద్రానికి పోయి చెప్పింది. యూనివర్సిటీ లోలోపల విచారించి, 2017లో డబ్బు ముట్టజెప్పి గుట్టుగా రాజీనామా చేయించింది. 2018లో లాస్ ఏంజెల్స్ టైమ్స్ బయటపెట్టాకే లోకానికి తెలిసింది. పరిహారాల మొత్తం 100 కోట్ల డాలర్లు దాటింది. టిండాల్ నేరాన్ని ఒప్పుకోలేదు, విచారణ మొదలుకాకముందే 2023లో చనిపోయాడు. అతని చూపు చైనా నుంచి వచ్చిన విద్యార్థినుల మీద ఎక్కువగా ఉండేదని తోటి ఉద్యోగులు చెప్పినట్టు ఆ పత్రిక రాసింది. కొత్త దేశం, కొత్త భాష, డాక్టర్ పరీక్ష ఎట్లుంటుందో తెలియదు, ఎవరికి చెప్పుకోవాలో తెలియదు. ఆ స్థితిలో మన పిల్ల ఉండదని ఎవరు పూచీ?

2023-24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో తెలుగు పిల్లలు తక్కువేం కాదు. అమీర్‌పేటలో కన్సల్టెన్సీ మెట్లెక్కిన తండ్రి ఏమడుగుతున్నాడు? ర్యాంకు ఎంత, ఫీజు ఎంత, కొలువు ఎంతలో వస్తది. ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తెచ్చినోడు ఆ మూడూ అడగాల్సిందే. నాలుగోది కూడా అడగాలి: ఫిర్యాదు వస్తే ఈ యూనివర్సిటీ ఏం చేసింది? జవాబు వెతకడం బ్రహ్మవిద్యేం కాదు. 1986లో లీహై యూనివర్సిటీ హాస్టల్ గదిలో జీన్ క్లెరీ అనే విద్యార్థినిని చంపేశారు. ఆమె తల్లిదండ్రులు పోరాడితే 1990లో చట్టం వచ్చింది. సర్కారు నిధులు తీసుకునే ప్రతి యూనివర్సిటీ క్యాంపస్ నేరాల లెక్కను ఏటా జనం ముందు పెట్టాలి. పెన్ స్టేట్‌కు 2016లో దాదాపు 24 లక్షల డాలర్లు, మిషిగన్ స్టేట్‌కు 2019లో 45 లక్షల డాలర్లు జరిమానా పడింది ఈ చట్టం కిందే.

అయితే ఆ పట్టిక చదివే తీరు తెలియాలి. అంకె పెద్దగా ఉంటే కాలేజీ చెడ్డదని, సున్నా ఉంటే మంచిదని అనుకుంటే మళ్లీ దాచేవాడికే దండేసినట్టు. వేలమంది ఉన్న చోట సున్నా కనిపిస్తే అనుమానించాలి. అక్కడ నేరం లేదా, నేరం చెప్పుకునే దిక్కు లేదా?

మన దగ్గర? చట్టాలకు కొదవ లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే నేరం. సంస్థను నడిపేవాడు తన కింది మనిషి చేసిన నేరాన్ని దాస్తే ఏడాది దాకా జైలు. ఇంటర్ పిల్లల్లో ఎక్కువమంది ఈ చట్టం కిందికే వస్తారు. డిగ్రీ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని, దాంట్లో విద్యార్థుల ప్రతినిధులుండాలని, ఏటా కేసుల నివేదిక ఇవ్వాలని యూజీసీ 2015 నిబంధనలు చెబుతున్నాయి. మరి ఒక్కటి, ఒక్కటి, ఒక్కటి అని టీవీలో ర్యాంకులు అరిచే యాజమాన్యం, వచ్చిన ఫిర్యాదులెన్ని, తేల్చినవెన్ని అని ఎప్పుడైనా అరిచిందా? ప్రాస్పెక్టస్‌లో ఏసీ క్లాసుల ఫొటో ఉంటుంది, టాపర్ల ఫొటోలుంటాయి. కమిటీలో ఎవరున్నారో వాళ్ల ఫోన్ నెంబరు ఏ పేజీలో ఉంది?

విద్యార్థి సంఘాలు ఈ అడ్మిషన్ల సీజన్‌లోనే ఈ పని మొదలుపెట్టాలి. ప్రతి కాలేజీ గేటు ముందు నిలబడి కమిటీ సభ్యుల పేర్లు అడగాలి. గత మూడేళ్ల ఫిర్యాదుల లెక్క, బాధితుల పేర్లు లేకుండా, నోటీసు బోర్డు మీద పెట్టమనాలి. ఉద్యోగ సంఘాలు ఇంకో మాట రాతపూర్వకంగా తీసుకోవాలి: చూసింది చూసినట్టు చెప్పిన స్వీపర్‌ను, ఆయాను, వాచ్‌మన్‌ను, కాంట్రాక్టు లెక్చరర్‌ను కొలువులోంచి తీసేయొద్దు. పెన్ స్టేట్‌లో 2000లో ఆ సఫాయి కార్మికుడికి ఈ ఒక్క కాగితం ఉంటే, ఆ తర్వాత పదకొండేళ్లు సాండస్కీ బయట తిరిగేవాడా?