ముందు చెప్పవలసిన మాట

సాంకేతిక విషయాన్ని నలుగురి ఎదుట వివరించడం నేడు శాస్త్రజ్ఞులకే పరిమితమైన పని కాదు. విద్యార్థి మొదలుకొని ఇంజనీరు వరకు అందరికీ ఆ అవసరం కలుగుతున్నది. అయితే తెలిసినదంతా చెప్పడమే సమగ్రత అని చాలామంది భావిస్తారు. ఏది ముందు, ఏది వెనుక, ఏది అనవసరం అని నిర్ణయించుకోవడమే వక్త చేయవలసిన మొదటి పని.

ఈ వివేకాన్నే ఆలంకారికులు ఔచిత్యమన్నారు. పదకొండవ శతాబ్దికి చెందిన కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి ప్రాణమని ప్రతిపాదించాడు. లంక నుండి తిరిగి వచ్చిన హనుమంతుడు రామునికి మొదట విన్నవించినది సీతాదేవి క్షేమవార్త. సముద్రలంఘనం, లంకాదహనం ఎంత అద్భుతమైనవైనా రాముడు వినగోరినవి అవి కావు.

శ్రోతకు అవసరమైన మాట అడుగున పడితే ఏమవుతుందో కొలంబియా ఉదంతం తెలుపుతుంది. 2003 జనవరి 16న ఆ అంతరిక్షనౌక బయలుదేరిన సుమారు 82 సెకన్లకు, ఇంధనపు ట్యాంకు నుండి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నౌక కక్ష్యలో ఉండగానే ఇంజనీర్లు ఆ దెబ్బ తీవ్రతను అంచనా వేసి, నాసా అధికారులకు స్లైడ్ల ద్వారా వివరించారు. వాటిలో ఒకదాని శీర్షిక చూచినవారికి భయపడవలసినది లేదనే భావం కలుగుతుంది. కాని పూర్వపు పరీక్షలలో వాడిన ముక్క పరిమాణం 3 ఘనపుటంగుళాలు. నౌకకు తగిలిన ముక్క అంచనా 1920 ఘనపుటంగుళాలు. అంటే 640 రెట్లు పెద్దది! పాత పరీక్షలను నమ్ముకొని ధైర్యం చెప్పరాదని తెలిపే ఆ అంకెలు స్లైడు అట్టడుగున ఉండిపోయాయి. ఫిబ్రవరి 1న భూమికి తిరిగివస్తూ నౌక విచ్ఛిన్నమై, కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు మరణించారు. ఆ స్లైడే ప్రమాదానికి కారణమనడం న్యాయం కాదు. అయినా, సాంకేతిక పత్రాలకు బదులు స్లైడ్లపై ఆధారపడే పద్ధతిని విచారణ సంఘం అదే సంవత్సరం తన నివేదికలో తప్పుపట్టింది.

వివరాలు తగ్గితే శాస్త్రీయత లోపిస్తుందని కొందరి వాదం. కొలంబియా స్లైడులో వివరాలకు కొరత లేదు, లోపించినది ప్రాధాన్యక్రమం. సవివరమైన లెక్కలకు లిఖిత పత్రం తగిన చోటు. సభలో మాత్రం శ్రోత నిర్ణయానికి తోడ్పడే మాటకే అగ్రస్థానం ఇవ్వాలి.

కనుక ప్రసంగాన్ని సిద్ధం చేసుకొనేవారు, విన్నవారు దేనిని నిర్ణయించవలసి ఉన్నదో ముందుగా ప్రశ్నించుకోవాలి. అందుకు తమ సమాధానాన్ని ఒక్క వాక్యంలో వ్రాసుకోవాలి. దానిని బలపరిచే ఆధారాలను, వాటి సరసనే సందేహాలను, అపాయాలను అమర్చుకోవాలి. పది నిమిషాల వ్యవధి అయిదుకు తగ్గినా చెప్పితీరవలసినదేదో గుర్తించి ఉంచుకోవాలి. అప్రియమైన సత్యాన్ని చివరి వరుసలోకి నెట్టడం వినయం అనిపించుకోదు. దానిని మొదటనే స్పష్టంగా చెప్పగలగడం వక్త నేర్పు మాత్రమే కాదు, అతని ధర్మం కూడా.