యంత్రచిత్రములు - మన చిత్రకారులు

కేంద్రప్రభుత్వమున పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక శాఖవారు నియమించిన సంఘము 2025 డిసెంబరులో ఒక ప్రతిపాదనపత్రమును ప్రకటించినది. గ్రంథములు, గీతములు, చిత్రములు మున్నగువానినుండి విద్య నేర్చుకొను కృత్రిమ మేధ యంత్రములకు వానిని వాడుకొనుటకై నిర్బంధపు లైసెన్సు నొసగవలయుననియు, వలదనుటకు హక్కుదారులకు వీలుండరాదనియు, బదులుగా కంపెనీలు రాయల్టీ చెల్లింపవలయుననియు, ఆ ధనమును ఒకే సంస్థ వసూలుచేసి హక్కుదారులకు పంచవలయుననియు అందలి సారాంశము. చలనచిత్ర నిర్మాతలకును, సంగీత కంపెనీలకును, గ్రంథప్రకాశకులకును తమ భాగమును తాము అడిగికొను శక్తి కలదు. శ్రీకాళహస్తిలో కలము పట్టినవాని పక్షమునను, చేర్యాలలో పటము వ్రాయు నకాషీ పక్షమునను మాటలాడువారు మాకు కనబడుటలేదు. ఆ పక్షమున నాలుగుమాటలు చెప్పుట మా విధియని తలంచుచున్నాము.

ఈ యంత్రముల వర్తనము మన పాఠకులలో పలువురెరిగినదే. "కలంకారి రీతిని సీతాకల్యాణము" అని ఒక వాక్యము వ్రాసియిచ్చిన నిమిషములోపల చిత్రము తెరమీద నిలుచును. ఆ వాక్యమునకు ప్రాంప్టు అని పేరు. అందులో "కలంకారి" తీసివేసి "చేర్యాల పటము" అనినను, "బాపు బొమ్మ" అనినను వేషము మారును. 2025 మార్చిలో జపానుదేశపు ఘిబ్లి చిత్రశాలవారి రీతిలోనికి తమ కుటుంబముల ఛాయాచిత్రములను మార్పించుకొని మురిసినవారు మన పట్టణములలోను కొల్లలుగా నుండిరి. ఇందు మాయయేమియు లేదు. చిత్రములను, వాని క్రింద నున్న మాటలను జతలుజతలుగా యంత్రమునకు చూపుదురు. చిత్రముపై చుక్కల గందరగోళమును మెల్లమెల్లగా చల్లి, దానిని తొలగించుట నేర్పుదురు. నేర్చిన పిదప ఉత్త గందరగోళమునుండియే, మన వాక్యము చూపిన దారిని, క్రొత్త చిత్రమును తేర్చును. మొదట ఆరువ్రేళ్ల హస్తములను చూచి నవ్వినవారు నేడు నవ్వుటలేదు.

ఆ జతలెక్కడివి? 2022లో వెలువడిన "లయన్-5బి" యను సంచయమున ఇంటర్నెట్టునుండి ఏరిన 585 కోట్ల చిత్రముల చిరునామాలును వాని మాటలును కలవు. ప్రసిద్ధమైన "స్టేబుల్ డిఫ్యూజన్" యంత్రము ఆ సంచయపు భాగములతోనే శిక్షణ పొందినది. చిత్రములు వ్రాసినవారిని అడిగి చేసిన పని కాదది.

మేము యంత్రద్వేషులము కాము. కుంచె పట్టనేరని పల్లెటూరి బాలుడు తన ఊహను కన్నులార చూచుకొనుట మంచిదే. బడిపంతులు పాఠమునకు బొమ్మ చేసికొనుటయు మంచిదే. మా ప్రశ్న వేరు.

అనుకరణము మనకు క్రొత్త కాదు. పదునేడవ, పదునెనిమిదవ శతాబ్దములలో మచిలీపట్టణము మొదలగు కోరమాండలు రేవులనుండి వెళ్లిన చిత్రవస్త్రములు ఐరోపాలోని యిండ్లను నింపినవి. తమ నేతపనివారు చెడుచున్నారని ఫ్రాన్సు 1686లో వానిని నిషేధించినది. ఇంగ్లండు 1721లో అద్దకపు నూలుబట్ట కట్టుటనే చట్టవిరుద్ధము గావించినది. నిషేధించుచునే నేర్చుకొనిరి. ఫాదర్ కెర్దూ అను ఫ్రెంచి జెస్యూటు పాదిరి యొకడు, తెలుగు బాగుగా నేర్చినవాడు, తన మతములో చేరిన అద్దకపువారిని అడిగి తెలిసికొని, రంగుల మర్మములన్నియు 1742లో ఒక లేఖగా తన దేశమునకు వ్రాసి పంపెను. 1866లో ఫోర్బ్సు వాట్సన్ అను దొర భారతదేశపు బట్టలను ముక్కలుగా కత్తిరించి, 700 నమూనాలను 18 సంపుటములలో అంటించి, అట్టివి 20 ప్రతులు సిద్ధముచేసెను. పదుమూడు బ్రిటనులో పంచిరి. ఏడు మాత్రము మన దేశమునకు వచ్చినవి. ఆ సంపుటములు నేసినవానికొరకు గాక, వానితో పోటీపడు మిల్లుదారుకొరకు కూర్పబడినవి. 585 కోట్ల జతల సంచయమునకు ఈ 700 ముక్కలే తాతలని మాకు తోచును. భేద మొక్కటి కలదు. పాదిరికి అద్దకపువాని నడుగవలసివచ్చినది. వాట్సనుకు బట్ట సేకరింపవలసివచ్చినది. నేటివారికి ఆ రెండును అక్కరలేదు.

యంత్రము తీసికొన్నది ఏమి, తీసికొననిది ఏమి? శ్రీకాళహస్తిలో గుడ్డను కరక్కాయపొడి కలిపిన పాలలో ముంచి యెండబెట్టుదురు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో దినములతరబడి నానవేసి కసిమి యను నల్లని ద్రవమును తీయుదురు. వెదురుపుల్లకు దారము చుట్టిన కలమును వ్రేళ్లతో నొక్కుచు ఆ కసిమిని గీతగా జాలువార్తురు. పటికనీరు పూసిన చోటనే ఎరుపు పట్టును. ఒక్కొక్క రంగునకు మరల ఉతుకుట, మరల ఆరవేయుట. ఈ విద్య కొడిగట్టియుండగా 1950 దశకమున కమలాదేవీ చట్టోపాధ్యాయగారి పూనికచే శ్రీకాళహస్తిలో శిక్షణ యేర్పడి నిలబడినది. చేర్యాల పటమునకు చింతగింజల జిగురును సుద్దయు పట్టించిన ఖాదీగుడ్డ ఆధారము. అది గోడకు తగిలించుటకు పుట్టినది కాదు. పద్మశాలీల వాడలో కూనపులివారు మార్కండేయపురాణము చెప్పుచు మెలమెల్లగా విప్పి చూపుటకు పుట్టినది. యంత్రమునకు పాలవాసన తెలియదు, కథయు తెలియదు. దానికి తెలిసినది తుది రూపమే. కాని అంగడిలో వెల పలుకునది ఆ తుది రూపమే గదా! యంత్రము కూర్చిన బొమ్మను డిజిటల్ ముద్రణముచే గుడ్డపై కెక్కించుట గంటలలో తీరు పని. కలముపని వారములు పట్టును. ఇరువురును ఒకే బల్లపై సరకు పరచినచో ఎవ్వడు లేచిపోవునో చెప్పనక్కరలేదు.

చట్టము ఆదుకొనునా? బాపుగారు 2014లో గతించిరి. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి వారు వేసిన బొమ్మలపై హక్కు 2074 తుదివరకు నుండును. వారి రీతిపై ఎవ్వరికిని హక్కు లేదు. ఊహకు కాపీరైటు లేదు, వ్యక్తరూపమునకే కలదని సుప్రీముకోర్టు 1978లోనే తీర్చినది. కలంకారికిని చేర్యాల పటమునకును ఒక్క కర్తయైన లేడు గనుక అంతమాత్రపు రక్షణయు లేదు. వానికున్నది 1999 నాటి చట్టముక్రింద భౌగోళిక సూచిక. అది పేరును కాచును, రూపమును కాదు. వింత యేమనగా, కంప్యూటరుచే పుట్టిన కృతికి దానిని పుట్టించుటకు కారకుడైనవాడే కర్తయని మన కాపీరైటు చట్టమునకు 1994లో జరిగిన సవరణము చెప్పుచున్నది. నేటి యంత్రములకు ఇది వర్తించునా యనునది వివాదవిషయమే. వర్తించినచో, ఒక్క వాక్యము టైపుచేసినవానికి తన జీవితకాలమును, ఆపై అరువదియేండ్లును హక్కు. తరములుగా ఆ రీతిని పెంచిన కులవృత్తివారికి సున్న. అమెరికా కాపీరైటు కార్యాలయము 2023 ఫిబ్రవరిలో యంత్రము గీసిన బొమ్మలకు హక్కు నిరాకరించినది. ఆ మార్గమే మనకును ఉచితమని మా అభిప్రాయము.

రాయల్టీ వసూలుచేయుదుమనుట సంతోషమే. కాని పేరును సంఘమును కలవారికే పంచినచో, పేరుపెట్టక పని చేయుటయే ధర్మముగా బ్రతికినవారు మరల వెలియగుదురు. కావున వసూలైన దానిలో నొక నియతభాగమును భౌగోళిక సూచిక పొందిన కళల ఉత్పత్తిదారుల సంఘములకు కేటాయింపవలయును. ఏ చిత్రమునుండి యంత్ర మెంత నేర్చినదో కొలుచుట అసాధ్యమందురేమో! పైరు కోయకముందే అంచనాకట్టి శిస్తు నిర్ణయించిన దేశమిది. మన రైతులను అడిగిన చెప్పుదురు.

భౌగోళిక సూచికను దొంగిలించుటకు ఆరుమాసములకు తక్కువగాక మూడేండ్లవరకు కారాగారము, ఏబదివేల రూపాయలనుండి రెండులక్షలవరకు జుల్మానా చట్టముననే కలవు. యంత్రముద్రణపు గుడ్డను శ్రీకాళహస్తి కలంకారియని అమ్మువానిపై దానిని ప్రయోగించుటకు క్రొత్త శాసన మక్కరలేదు. కదలు అధికారి చాలును. కొనువారిమాట కూడ చెప్పక తప్పదు. దేవాలయమునకు పటము సమర్పించువారును, పెండ్లిపత్రికపై కళ్యాణచిత్రము వేయించువారును, క్రొత్తయింటి గోడకు బొమ్మ కొనువారును మన పాఠకులలోనే యున్నారు. చేతిపనియా, యంత్రపుపనియా యని వర్తకుని అడుగుడు. ఏ యూరిది, ఎవరు వ్రాసిరని కూడ అడుగుడు.

ఆంధ్రప్రదేశమున లేపాక్షి, తెలంగాణమున గోల్కొండ యను పేరులతో విక్రయశాలలు నడుపు ప్రభుత్వ హస్తకళాసంస్థలు ఈ చిత్రకారులను ఎరుగని వేమియు కావు. వారి పేరులు, ఊరులు, పనుల నమూనాలు జాబితాగా కూర్చి, వారిని హక్కుదారుల సంఘముగా నమోదుచేయించు పని ఆ సంస్థలది. వసూలుచేయు సంస్థ ఢిల్లీలో కూర్చుండు నాటికి ఆ జాబితా వారి బల్లపై నుండవలయును.