కారణం తెలిశాకే పార్టు మార్చండి

ధర్మవరంలో పట్టుచీర మగ్గం ఎక్కకముందే కంప్యూటర్ ఎక్కుతోంది. అంచు, కొంగు డిజైన్లను తెర మీద గడిగడిగా గీసి, ఆ లెక్క ప్రకారం జకార్డు అట్టలు కొట్టిస్తారు. హిందూపురంలో చింతపండు, మిరప మండీల లెక్కలు రాసేదీ, పెనుకొండలో దస్తావేజులు టైపు చేసేదీ కంప్యూటర్ మీదే. వీటిలో పదేళ్లు దాటిన పాత డెస్క్‌టాప్‌లూ ఉంటాయి. పని మధ్యలో కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతే సగం గీసిన డిజైన్ పోతుంది, రాసిన లెక్క పోతుంది, ఎదురుచూస్తున్న మనిషి మరో అంగడి చూసుకుంటాడు.

అప్పుడు మనం చేసేదేమిటి? ముందు ఫార్మాట్ కొట్టిస్తాం. వారానికి మళ్లీ ఆగితే ర్యామ్ మారుస్తాం, ఆ తర్వాత ఎస్‌ఎంపీఎస్. చివరికి విసిగిపోయి అప్పు చేసైనా కొత్తది కొంటాం. ఇన్ని మార్చినా అసలు ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియదు. నేను గట్టిగా చెప్పదలచింది ఒక్కటే. కంప్యూటర్ ఊరికే ఆగదు, ఆగడానికి ముందు ఏదో జరుగుతుంది. అది తేలేదాకా ఒక్క పార్టూ మార్చకండి.

మన ప్రాంతంలో మొదట అనుమానించాల్సింది వేడిని, దుమ్మును. ప్రాసెసర్ వేడి ప్రమాద స్థాయికి చేరితే బోర్డే కరెంటు తెంచేస్తుంది. చిప్పు కాలిపోకుండా చేసిన ఏర్పాటు అది. తెర మీద ఏ హెచ్చరికా కనిపించదు. మే నెలలో బయటే 40 డిగ్రీలు దాటితే డబ్బా లోపల గాలి అంతకన్నా వేడిగా ఉంటుంది. మగ్గాలున్న ఇంట్లో దారపు నూగు ఫ్యాన్ కింది రేకుల మధ్య పేరుకుని గాలిని ఆపేస్తుంది. ప్రాసెసర్‌కూ ఆ రేకులకూ మధ్య రాసిన థర్మల్ పేస్ట్ ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది. ఇంటెల్ పాత కూలర్లను, అంటే ఈ ఫ్యాన్, రేకుల జోడును, బోర్డుకు పట్టి ఉంచేవి నాలుగు ప్లాస్టిక్ పిన్నులే. ఒక్కటి ఊడినా కూలర్ సరిగా ఆనదు. గుర్తుపట్టడం తేలిక: వేడివల్ల ఆగిన కంప్యూటర్ వెంటనే ఆన్ చేస్తే ఇంకా త్వరగా ఆగుతుంది, అరగంట చల్లారనిస్తే మామూలుగా నడుస్తుంది. ఆన్ చేసేటప్పుడు తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్తే ఉష్ణోగ్రత అంకెల్లోనే కనిపిస్తుంది.

రెండోది ఎస్‌ఎంపీఎస్. గోడ నుంచి వచ్చే 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా మార్చి ఇచ్చేది ఇదే. 12 వోల్టుల తీగలో 11.4 నుంచి 12.6 దాకా ఉండాలి. మల్టీమీటర్‌తో రెండు నిమిషాల పని. కొలవాల్సింది మాత్రం బరువైన ఫైలు తెరిచి, పని నడుస్తుండగానే. లోపలి కెపాసిటర్లు వేడికి త్వరగా అరిగిపోతాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. మదర్‌బోర్డు మీద కూడా ఇవే ఉంటాయి. తల ఉబ్బినా, రసం కారినా వాటి పని అయిపోయినట్టే. ఇది మన ఊళ్ల కష్టం మాత్రమే కాదు. కెపాసిటర్లు చెడిన ఆప్టిప్లెక్స్ కంప్యూటర్ల మరమ్మతుకు 2005లో డెల్ సంస్థ 30 కోట్ల డాలర్లు కేటాయించింది.

మూడోది కరెంటు. పక్కన మోటారు వేసినప్పుడే ఆగుతోందా? లైటు వెలుగు తగ్గినప్పుడే ఆగుతోందా? అయితే గోడ ప్లగ్గు, ఎర్తింగ్, యూపీఎస్ బ్యాటరీ చూడాలి. పాతబడిన బ్యాటరీ కరెంటు పోయిన క్షణంలోనే చేతులెత్తేస్తుంది. ఆ నేరం కంప్యూటర్ మీద పడుతుంది.

అందుకే స్క్రూడ్రైవర్ కన్నా ముందు కాగితం, పెన్ను తీసుకోండి. ఏ వేళకు ఆగింది, ఎంతసేపు నడిచాక ఆగింది, అప్పుడు ఏ పని చేస్తున్నారు, ఇంట్లో ఇంకేం నడుస్తున్నాయి అన్నది ఆగినప్పుడల్లా రాయండి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 41 నంబరుతో ‘కెర్నల్ పవర్’ అని కనిపిస్తే కంగారు పడకండి. సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే దాని అర్థం. కారణం అది చెప్పదు, మీ కాగితం చెబుతుంది.

ఆ తర్వాత ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ప్లగ్గు పీకి, డబ్బా తెరవండి. బ్లోయర్ పట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో ఆపండి. పాత పేస్ట్ పూర్తిగా తుడిచి కందిగింజంత కొత్తది పెట్టండి. ర్యామ్ తీసి, కాళ్లు మెత్తగా తుడిచి మళ్లీ బిగించండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా అందులో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండవచ్చు. ఇన్ని చేసినా ఆగుతుంటే పార్టులు ఒక్కొక్కటిగా, మరో కంప్యూటర్‌లో బాగా నడుస్తున్నవి పెట్టి చూడాలి. ఒకేసారి రెండు మారిస్తే లోపం దేనిదో ఎప్పటికీ తేలదు.

పాతదాన్ని ఎన్నాళ్లు లాగాలి అని అడగవచ్చు. మదర్‌బోర్డే పోతే వదిలేయడమే మేలు. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసింది కాబట్టి ఇంటర్నెట్‌లో డబ్బు వ్యవహారాలు నడిపేవారు ఆ సంగతీ ఆలోచించాలి. కానీ దుమ్ము దులిపి పేస్ట్ మారిస్తే నడిచే కంప్యూటర్‌ను పాత సామాన్ల వాడికి వేయడం ఒక నేతగాడి ఇంటికి పెద్ద నష్టం.

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అలాంటి ఫ్యాక్టరీలో యంత్రం ఆగితే ఎందుకు ఆగిందో రాసి పెడతారు, ఆ రాతను బట్టే తర్వాతి మరమ్మతు సాగుతుంది. చిన్న అంగడిలోని డెస్క్‌టాప్‌కూ ఆ మర్యాద దక్కాలి. రిపేరు అంగళ్లవారికి నా విన్నపం: బిల్లు మీద మార్చిన పార్టు పేరుతో పాటు ఏం కొలిచారో, ఏ లోపం కనిపించిందో రెండు మాటలు రాయండి. మన పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు పిల్లలకు పార్టులు బిగించడంతో పాటు కొలిచి కారణం తేల్చడం నేర్పాలి. డబ్బు కట్టే మనం కూడా ‘ఎంతయింది?’ అని అడిగే ముందు ‘ఎందుకు ఆగింది?’ అని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబిచ్చే మెకానిక్ దగ్గరికే మళ్లీ వెళ్లాలి.