ధూళి నేర్పిన పాఠం

వానాకాలంలో గోల్ ఘర్‌లో ఉతికి ఆరేసిన చొక్కా సాయంత్రానికి కూడా ఆరదు. గాలి నిండా తేమే. ఎండ కాసిన రోజున సముద్రం వైపు చూస్తే కళ్లు జిగేల్‌మంటాయి. అక్కడ పోలరాయిడ్ కళ్లద్దాలు వట్టి సోకు కాదు. నీటిమీద పడి తిరిగొచ్చే కాంతి ఎక్కువగా ఒకే దిశలో, అడ్డంగా కంపిస్తుంది. అద్దం ఆ దిశను అడ్డగించి మెరుపును తగ్గిస్తుంది. కాంతికున్న ఈ గుణమే ధ్రువణం. విశ్వం పుట్టుక ఆనవాళ్ల కోసం శాస్త్రవేత్తలు వెతుకుతున్నదీ అందులోనే. కాకపోతే గోల్ ఘర్‌కు పూర్తిగా విరుద్ధమైన చోట.

విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లు. అది పుట్టిన 3.8 లక్షల ఏళ్లకు బయల్దేరిన కాంతి ఇప్పటికీ ఆకాశమంతటా మైక్రోతరంగాల రూపంలో మిగిలి ఉంది. 1965లో ఈ సంగతి బయటపెట్టిన పెంజియాస్, విల్సన్‌లకు 1978లో నోబెల్ దక్కింది. అప్పట్లో ఎలక్ట్రాన్లను తాకి చెదిరిన ఆ కాంతికి కొద్దిపాటి ధ్రువణం అంటుకుంది. దాన్ని కొలవడానికి ప్రధాన శత్రువు గాలిలోని నీటి ఆవిరే. అది మైక్రోతరంగాలను మింగేస్తుంది, తనవి కొన్ని కలిపేస్తుంది. అందుకే దక్షిణ ధ్రువం. 2,800 మీటర్ల పైచిలుకు ఎత్తు, ఆవిరిని గడ్డకట్టించే చలి, ఆరు నెలల రాత్రి. ధ్రువణాన్ని తొలిసారి పసిగట్టింది కూడా అక్కడి డాసి పరికరమే, 2002లో.

అసలు కథ 2014 మార్చి 17న మొదలైంది. విశ్వం తొలి క్షణంలోనే విపరీతంగా ఉబ్బిందన్న సిద్ధాంతం నిజమైతే, ఈ ధ్రువణంలో సుడులు తిరిగే ఒక ప్రత్యేక నమూనా కనిపించాలి. ధ్రువంలోని బైసెప్2 టెలిస్కోపుకు అది కనిపించిందని ఆ బృందం హార్వర్డ్‌లో విలేకరుల సమావేశం పెట్టి ప్రకటించింది. పత్రం ఇంకా ఏ జర్నల్ సమీక్షకూ నిలబడలేదు. అయినా నోబెల్ ఖాయమన్నారు. ప్రపంచమంతా పతాక శీర్షికలే.

ఆ సెప్టెంబర్‌లోనే ఐరోపా ఉపగ్రహం ప్లాంక్ నీళ్లు చల్లింది. మన పాలపుంతలోని ధూళి రేణువులు కూడా అలాంటి సుడులనే చూపగలవు. బైసెప్2 ఒకే ఒక్క పౌనఃపున్యంలో చూసింది గనుక ధూళి ఏదో, సృష్టి తొలి సంకేతం ఏదో విడదీయలేకపోయింది. 2015 జనవరిలో రెండు బృందాలూ లెక్కలు కలిపి చూసుకుని, ఆధారం చాలదని తేల్చాయి.

దీన్ని పరాభవమనడం తేలిక. కానీ ప్రత్యర్థి బృందంతో కలిసి కూర్చుని, సొంత ఘనతను సొంత చేతులతో చెరిపేసుకునే అలవాటు ఎన్ని వ్యవస్థలకుంది? ఎన్నికల అంచనాలు తప్పిన మర్నాడు మేం, అంటే పాత్రికేయులం, ఏం చేస్తామో పాఠకులకు తెలుసు. 2014లో ఆ వార్త రాసిన చేతుల్లో నాదీ ఒకటి. మర్నాడు మిత్రులకు గర్వంగా చూపించుకున్నాను. 2015లో సవరణ వార్త మాత్రం రాయలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ధ్రువంలో వేట ఆగలేదు. మరిన్ని పౌనఃపున్యాల్లో కొలిచి, 2021లో ఆ సంకేతం పరిమితిని ఇంకా బిగించారు. అది ఉంటే, 2014లో చెప్పినదానిలో అయిదో వంతు కూడా ఉండదు. చిక్కు ఇప్పుడు డబ్బుతో. తర్వాతి తరం ప్రాజెక్టు సీఎంబీ-ఎస్4కు 2025లో అమెరికా ప్రభుత్వ సంస్థలు మద్దతు విరమించుకున్నాయి. చైనా మాత్రం టిబెట్‌లోని అలీలో 5,250 మీటర్ల ఎత్తున టెలిస్కోపు కట్టుకుంది. మనకూ లదాఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున హన్లే ఉంది. పొడి గాలికి పేరున్న చోటు. 2018లో మన శాస్త్రవేత్తలు ఇస్రో ముందుంచిన సీఎంబీ-భారత్ ఉపగ్రహ ప్రతిపాదనా ఉంది. లేనిదల్లా పదేళ్లు ఖర్చుపెట్టి 'ఏమీ కనబడలేదు' అన్న జవాబును కూడా ఫలితంగా ఒప్పుకునే ఓపిక.

మెరుపు చూసి మురిసిపోవడానికి కళ్లు చాలు. ఆ మెరుపు ఎక్కడిదో తేల్చడానికే కళ్లద్దాలు కావాలి.